జబ్బు పడ్డవాణ్ణే కాదు, పడనివాణ్ణీ అడగాలి

ఊళ్ళో పది మంది కూలీలకు ఒకే రకమైన జబ్బు వచ్చిందనుకోండి. కారణం చెప్పేవాళ్ళకు కొదవ ఉండదు. ఆసామి అంటాడు: "కల్లు ఎక్కువైంది." పురుగుమందుల దుకాణం యజమాని అంటాడు: "పొద్దస్తమానం గుట్కా నమిలితే రాదా మరి!" ఆర్‌ఎంపీ డాక్టరు ఎండదెబ్బ అంటాడు. ముసలామె అమ్మవారి మొక్కు తీర్చలేదంటుంది. మన సంఘం కార్యకర్త "ఇదంతా మందు కొట్టడం వల్లే" అంటాడు. ఎవరి మాట వాళ్ళది. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళు చెప్పిందే కారణమై కూర్చుంటుంది. కూలీ గొంతు చిన్నది కనుక నింద కూలీ మీదికే వస్తుంది.

ఈ తగువు తీర్చడానికి ఒక పద్ధతి ఉంది. అది గొంతుతో పని లేని పద్ధతి. జబ్బు వచ్చినవాళ్ళను అడిగినట్టే, అదే ఊళ్ళో, అదే వయసులో ఉండి, అదే పని చేస్తూ జబ్బు రానివాళ్ళను కూడా అవే ప్రశ్నలు అడగడం. ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో చూడడం. శాస్త్రజ్ఞులు దీన్ని కేస్-కంట్రోల్ స్టడీ అంటారు. కేసు అనగానే మనకు పోలీసు స్టేషను గుర్తొస్తుంది, కంట్రోలు అనగానే కంట్రోలు బియ్యం గుర్తొస్తాయి. ఇక్కడ అర్థం వేరు. కేసు అంటే జబ్బు పడినవాడు. కంట్రోలు అంటే జబ్బు పడని జోడీవాడు. అంతకన్నా బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఈ లెక్క అర్థమైంది. కనుక పాఠకులకూ అర్థమవుతుందన్న ధైర్యంతో రాస్తున్నాను.

తార్నాకలో ఉన్నది మన తిండి చరిత్రే

హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణను ఆనుకుని తార్నాక ఉంది. అక్కడి రోడ్డు మీద నడిస్తే వరుసగా పెద్ద పెద్ద పరిశోధనా సంస్థల గేట్లు కనబడతాయి. రసాయన పరిశోధనా సంస్థ ఉంది. పురుగుమందుల తయారీ విధానాలను రూపొందించి కంపెనీలకు అందించిన చరిత్ర దానికి ఉంది. ముందుకు పోతే భూగర్భ పరిశోధనా సంస్థ, జీవకణ పరిశోధనా సంస్థ. యూనివర్సిటీ వైపున జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్.ఐ.ఎన్. అంటారు. 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు మొదలుపెట్టిన చిన్న విభాగం ఇది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969లో ఇప్పుడున్న పేరు పెట్టారు.

మనోళ్ళు చాలామంది ఈ గేట్ల ముందు నుంచి బస్సుల్లో పోతుంటారు. లోపల జరిగేది చదువుకున్నవాళ్ళ వ్యవహారమనుకుంటారు. కానీ ఆ గోడల వెనక దశాబ్దాల తరబడి పరిశీలించింది మన జొన్నరొట్టెనూ, మన మొక్కజొన్ననూ, మన బావి నీళ్ళనూ. వాటిలో రెండు మూడు సంగతులు చెబుతాను. పద్ధతి దానంతట అదే తెలుస్తుంది.

1995: బూజు పట్టిన జొన్నలు

1995లో దక్కను పీఠభూమిలోని కొన్ని పల్లెల్లో ఒక వింత జబ్బు కనబడింది. రొట్టె తిన్న అరగంట, గంట లోపల కడుపులో నొప్పి, పేగుల్లో గుడగుడ, విరేచనాలు. ఎన్.ఐ.ఎన్. శాస్త్రజ్ఞుడు రమేశ్ భట్, ఆయన తోటివాళ్ళు పల్లెలకు పోయారు. 50 ఊళ్ళు తిరిగితే 27 ఊళ్ళలో జబ్బు ఉంది.

నీళ్ళు చెడిపోయాయేమో అని ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ ఒకే ఊళ్ళో ఒక ఇంట్లో జబ్బు ఉంది, ఇంకో ఇంట్లో లేదు. కనుక వాళ్ళు జబ్బు ఉన్న ఇళ్ళ నుంచి గింజలు తీసుకున్నారు, జబ్బు లేని ఇళ్ళ నుంచీ తీసుకున్నారు. జబ్బు ఉన్న ఇళ్ళలో 20 జొన్న నమూనాలు, 12 మొక్కజొన్న నమూనాలు. వాటిలో ఫ్యూజేరియం అనే బూజు, ఆ బూజు పుట్టించే ఫ్యూమోనిసిన్ అనే విషం దొరికాయి. జొన్నల్లో కిలోకు 0.14 నుంచి 7.8 మిల్లీగ్రాములు. మొక్కజొన్నల్లో 0.25 నుంచి 64.7 మిల్లీగ్రాములు. జబ్బు లేని ఇళ్ళ గింజల్లో అది చాలా తక్కువ. ఆ బూజు గింజలను కోడిపిల్లలకు పెట్టి చూస్తే వాటికీ విరేచనాలు పట్టుకున్నాయి. ఆ గింజలు తినడం మానేసినవాళ్ళకు జబ్బు తగ్గింది. ఎవరూ చనిపోలేదు.

మరి ఒకే ఊళ్ళో కొన్ని ఇళ్ళలోనే బూజు గింజలు ఎందుకున్నాయి? కోత సమయంలో వాన పడి గింజ తడిసింది. ఇంట్లో వేరే గింజ ఉన్నవాడు దాన్ని పక్కన పెట్టాడు. ఇంకేమీ లేని నిరుపేదలు దాన్నే దంచుకుని, విసురుకుని, రొట్టె చేసుకుని తిన్నారు. వాన అందరి చేలోనూ పడింది. జబ్బు మాత్రం గాదె ఖాళీగా ఉన్న ఇంటికి వచ్చింది.

ఇంతకు ముందు 1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో ఇంకా ఘోరం జరిగింది. అక్కడ మొక్కజొన్నలో ఇంకో బూజు, దాని విషం పేరు అఫ్లటాక్సిన్. కామెర్లు, పొట్టలో నీరు. 150కి పైగా ఊళ్ళలో సుమారు 400 మంది జబ్బు పడితే వంద మందికి పైగా చనిపోయారు. అదే గింజ తిన్న కుక్కలు కూడా చచ్చాయి. దాన్ని పరిశోధించి 1975లో ప్రపంచానికి చెప్పిందీ తార్నాక సంస్థవాళ్ళే: కృష్ణమాచారి, భట్, నాగరాజన్, తిలక్. కామెర్లు అంటే నీళ్ళ వల్ల వచ్చేదని ఊరుకుంటే మరుసటి ఏడు కూడా ఆ గింజే తినేవాళ్ళు.

నాలుగు గళ్ళ పద్దు

ఇప్పుడు లెక్క ఎట్లా వేస్తారో చూద్దాం. దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ 1950లో లండన్‌లో జరిగింది. అప్పట్లో ఇంగ్లాండులో ఊపిరితిత్తుల క్యాన్సర్ విపరీతంగా పెరిగింది. కార్ల పొగ వల్లనో, రోడ్లకు పోసే తారు వల్లనో అయి ఉంటుందని డాల్ అనే డాక్టరుకు అనుమానం. ఆయన, హిల్ అనే లెక్కల శాస్త్రజ్ఞుడు కలిసి 20 ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను ప్రశ్నలు అడిగారు. ప్రతి రోగికీ అదే వయసులో, ఆడ అయితే ఆడ, మగ అయితే మగ, ఇంకో జబ్బుతో ఆసుపత్రిలో ఉన్న మనిషిని జోడీగా తీసుకుని అవే ప్రశ్నలు అడిగారు.

మగవాళ్ళ లెక్క ఇది. క్యాన్సర్ ఉన్నవాళ్ళు 649 మంది. వాళ్ళలో పొగ తాగేవాళ్ళు 647, తాగనివాళ్ళు ఇద్దరు. జోడీవాళ్ళు కూడా 649 మందే. వాళ్ళలో తాగేవాళ్ళు 622, తాగనివాళ్ళు 27.

పైపైన చూస్తే ఏమనిపిస్తుంది? రెండు వైపులా దాదాపు అందరూ తాగేవాళ్ళేగదా, తేడా ఏముంది అనిపిస్తుంది. పద్దు జాగ్రత్తగా వేయండి. క్యాన్సర్ వైపు తాగని ఒక్కడికి తాగేవాళ్ళు సుమారు 323 మంది. జోడీ వైపు తాగని ఒక్కడికి తాగేవాళ్ళు 23 మంది. 323ను 23తో భాగించండి. 14 వస్తుంది. ఈ 14ను శాస్త్రజ్ఞులు ఆడ్స్ రేషియో అంటారు. ఒకటి వస్తే తేడా లేదని అర్థం. ఒకటికి ఎంత పైకి పోతే ఆ అలవాటుకూ ఆ జబ్బుకూ ముడి అంత గట్టిదని అర్థం. రోజుకు ఎక్కువ సిగరెట్లు తాగేవాళ్ళు జోడీల్లో కన్నా రోగుల్లోనే ఎక్కువ ఉన్నారని కూడా తేలింది.

అనుమానించింది తారు రోడ్డును, దొరికింది సిగరెట్టు. ఈ పద్ధతిలో ఉన్న గొప్ప అదే. మనం ఏది నమ్ముతున్నామన్నది దానికి పట్టదు. 

ఎన్.ఐ.ఎన్. కూడా హైదరాబాదులో ఈ పద్ధతిలోనే క్యాన్సర్ రోగుల తిండినీ, క్యాన్సర్ లేనివాళ్ళ తిండినీ పోల్చింది. అన్నవాహిక క్యాన్సర్ మీద 1992లో, నోటి క్యాన్సర్ మీద 1995లో ఆ అధ్యయనాలు అచ్చయ్యాయి.

రెండు దారులు

పోల్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, జబ్బు నుంచి వెనక్కి పోవడం. జబ్బు ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ తీసుకుని, ఇంతకు ముందు ఏం తిన్నారు, ఏం తాగారు, ఏం పని చేశారు అని అడగడం. కేస్-కంట్రోల్ అంటే ఇదే. జబ్బు అరుదైనప్పుడు ఈ దారే మేలు. లక్ష మందిని ఇరవై ఏళ్ళు కనిపెట్టుకుని కూర్చోనక్కర్లేదు.

రెండోది, పని నుంచి ముందుకు పోవడం. మందు కొట్టేవాళ్ళనూ కొట్టనివాళ్ళనూ తీసుకుని ఎవరి ఆరోగ్యం ఎట్లా ఉందో చూడడం. ఉస్మానియా యూనివర్సిటీ జన్యుశాస్త్ర సంస్థకు చెందిన రూప, పి.పి.రెడ్డి, ఓ.ఎస్.రెడ్డి ఈ దారిలో పోయారు. పత్తి చేలల్లో పురుగుమందు కొట్టే మగవాళ్ళ కుటుంబాలనూ, మందు జోలికి పోని కుటుంబాలనూ పోల్చారు. ఆ అధ్యయనం 1991లో అచ్చయింది. మందు కొట్టేవాళ్ళ ఇళ్ళలో గర్భస్రావాలు, చచ్చి పుట్టిన బిడ్డలు, పుట్టిన కొద్ది రోజులకే పోయిన పసికందులు ఎక్కువగా ఉన్నాయని తేలింది. మన పల్లెల్లో బిడ్డ నిలవకపోతే ఎవర్ని అంటారో మీకు తెలుసు. "గొడ్రాలు", "పాపిష్టిది" అని ఆడదాన్ని అంటారు. పంపు భుజాన వేసుకుని పత్తిలోకి పోయిన మగవాడి ఒంటి మీద పడ్డ మందు సంగతి ఎవరూ మాట్లాడరు. ఈ పోలిక జరగకపోతే ఆ నింద అట్లాగే ఉండేది.

ఇట్లాంటి పోలికకు కోర్టులో కూడా బలం ఉంటుంది. కేరళలోని కాసరగోడు జిల్లాలో జీడిమామిడి తోటల మీద ఇరవై ఏళ్ళకు పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. పిల్లలు అవకరాలతో పుడుతున్నారని జనం మొత్తుకుంటే, అదంతా కట్టుకథ అన్నవాళ్ళున్నారు. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవాళ్ళు వచ్చి, మందు పడ్డ ఊరి బడిపిల్లలు 117 మందినీ, పడని ఊరి బడిపిల్లలు 90 మందినీ పోల్చారు. మందు పడ్డ ఊళ్ళో మగపిల్లల ఎదుగుదల వెనకబడి ఉందని 2003లో ప్రకటించారు. తల్లుల పోరాటం, డాక్టర్ల రికార్డులు, ఈ పోలికలు అన్నీ కలిసి 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను దేశమంతటా ఆపేదాకా తెచ్చాయి.

ఒకే బావి నీళ్ళు తాగినా...

నల్లగొండ ఫ్లోరోసిస్ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆ జిల్లాలో ఈ జబ్బు గురించి 1945లోనే రాశారు. 1955లో సిద్దీఖీ అనే డాక్టరు రాసిన వ్యాసం ఇంగ్లాండు వైద్య పత్రికలో వచ్చింది. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లే ఎముకలు బిగుసుకుపోతాయన్నది తిరుగులేని నిజం.

అయితే 1970లు వచ్చేసరికి కొత్త రూపం కనబడింది. ఎదిగే పిల్లల మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదాన్నొకటి రాసుకునే వికారం. ఎన్.ఐ.ఎన్.కు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో దీన్ని ప్రపంచానికి తెలిపారు. ఒకే రకం ఫ్లోరైడ్ నీళ్ళు తాగుతున్నా కొందరికి ఇది ఎందుకొస్తుంది, కొందరికి ఎందుకు రాదు? పోల్చి చూస్తే జొన్నే ప్రధాన తిండిగా బతికే పేదల్లో ఇది ఎక్కువ, బియ్యం తినేవాళ్ళలో తక్కువ. ఆ తర్వాత జబ్బు ఉన్న ఊళ్ళ గింజలనూ లేని ఊళ్ళ గింజలనూ పక్కపక్కన పెట్టి పరీక్షించి 1977లో ప్రకటించారు. జబ్బు ఉన్న ప్రాంతాల జొన్నల్లో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువగా కనబడింది.

దీన్నిబట్టి జొన్న చెడ్డదని ఎవరైనా అంటే అది తప్పు. జొన్న మన నేలకు సరిపోయిన పంట, బలమైన తిండి. చెడ్డది, జొన్న తప్ప ఇంకేమీ దొరకని బతుకు. పప్పు లేక, పాలు లేక, కూర లేక మూడు పూటలా ఒకటే తిండి, దానికి తోడు విషపు నీళ్ళు. ఏ జబ్బుకైనా ఒక్క కారణం ఉండాలని లేదు. రెండు మూడు కలిసి వస్తాయి. ఆ కలయిక ఎవరి ఇంట్లో జరుగుతుందో పోలిక చూపిస్తుంది.

కారణం వెనక కారణం

ఇక్కడ కార్యకర్తలు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇట్లాంటి అధ్యయనంలో తేలేది "ముప్పు పెంచే అంశం". అది కథలో సగమే. ఆ అంశం కూలీ బతుకులోకి ఎట్లా వచ్చిందన్నది మిగతా సగం.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నూరేళ్ళ కింద పెల్లాగ్రా అనే జబ్బు వేలమందిని చంపింది. చర్మం పగిలిపోవడం, విరేచనాలు, మతి చెడడం. అంటువ్యాధి అనుకున్నారు. గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు ఒక చిన్న తేడా గమనించాడు: ఆశ్రమాల్లో ఉండేవాళ్ళకు జబ్బు వస్తున్నది, వాళ్ళను రోజూ ముట్టుకుని సేవ చేసే ఆయాలకూ నర్సులకూ రావడంలేదు. అంటువ్యాధి అయితే వాళ్ళను ఎట్లా వదిలిపెడుతుంది? అంటుకోదని రుజువు చేయడానికి ఆయన రోగుల రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. 1916 నుంచి సౌత్ కరోలినాలోని నూలుమిల్లుల ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి తిండినీ, ఆదాయాన్నీ రాసుకున్నారు. ఆదాయం తగ్గినకొద్దీ జబ్బు పెరిగింది. పేద కార్మికులు తింటున్నది మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, కొవ్వు ముక్క. పాలు, మాంసం, కూరగాయలు కొనలేరు. ఆ జబ్బుకు నయాసిన్ విటమిన్ లోపం కారణమని తేలింది 1937లో, అప్పటికే గోల్డ్‌బర్గర్ చనిపోయి ఎనిమిదేళ్ళయింది. విటమిన్ పేరు తెలియక ముందే ఏం తింటే జబ్బు పోతుందో పోలిక చెప్పేసింది!

మన హైదరాబాదు ప్రాంతంలో ఇదే పెల్లాగ్రా జొన్న తినే పేదల్లో కనబడింది. ఎన్.ఐ.ఎన్. డాక్టర్లు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో దాని గురించి రాశారు. జొన్నలోని లూసిన్ అనే పదార్థం పాత్ర మీద తర్వాత శాస్త్రజ్ఞుల్లో చాలా వాదన జరిగింది. కానీ రోగి ఎవరన్న దాని మీద వాదన లేదు. రోగి పేదవాడు.

అయితే ఈ పోలిక అన్నిసార్లూ మనం ఆశించిన వైపే మొగ్గదు. అప్పుడు కూడా దాన్ని ఒప్పుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి తాగే అలవాటు ఉంది, అడ్డపొగ అంటారు. ముఖ్యంగా కష్టం చేసుకునే ఆడవాళ్ళలో ఉంది. 1971లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆ జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. అంగిలి మీద వచ్చే మచ్చలకూ, పుళ్ళకూ, క్యాన్సర్‌కూ అడ్డపొగతో ఉన్న ముడి స్పష్టంగా తేలింది. అక్కడ భూస్వామినో కంపెనీనో తిట్టి చుట్టను వదిలేస్తే మన అక్కలకూ అమ్మలకూ మేలు చేసినవాళ్ళం కాము. చుట్ట మానమనే చెప్పాలి.

ఎక్కడ మోసపోతాం?

కత్తి పదునైనదే, పట్టుకోవడం తెలియకపోతే చెయ్యే తెగుతుంది. నాలుగు చోట్ల జాగ్రత్త.

ఒకటి, జోడీని ఎంచుకోవడం. మందు కొట్టే కూలీ జబ్బును, కుర్చీలో కూర్చునే ఆసామి కొడుకుతో పోలిస్తే ఏమొస్తుంది? తిండి వేరు, ఇల్లు వేరు, నీళ్ళు వేరు. తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. జోడీవాడు అన్నిటిలోనూ రోగిలాంటివాడే అయి ఉండాలి. జబ్బు వస్తే అతను కూడా మన లెక్కలోకే వచ్చి ఉండేవాడు అనిపించాలి.

రెండు, తోడుదొంగ. మందు కొట్టేవాళ్ళు ఒళ్ళు నొప్పులకు సాయంత్రం కల్లో సారానో ఎక్కువ తాగుతారనుకుందాం. అప్పుడు జబ్బు మందు వల్లనా, తాగుడు వల్లనా? రెండూ కలిసే తిరుగుతుంటే ఒకరి నేరం ఇంకొకరి మీద పడుతుంది. తాగనివాళ్ళను వేరు చేసి, వాళ్ళలో మందు కొట్టేవాళ్ళనూ కొట్టనివాళ్ళనూ విడిగా పోల్చాలి. అప్పుడు కూడా తేడా ఉంటే కల్లు సాకు చెల్లదు.

మూడు, జ్ఞాపకం. జబ్బు పడ్డవాడు నాకెందుకిట్లా అయిందని రాత్రింబగళ్ళు తవ్వుకుంటాడు. అతనికి పదేళ్ళ కిందటి సంగతి కూడా గుర్తుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాడు పోయినేడు కొట్టిన మందు పేరే మరిచిపోతాడు. దానివల్ల లేని తేడా ఉన్నట్టు కనబడుతుంది. అందుకే ఇద్దరినీ ఒకే వరసలో, ఒకే మాటలతో అడగాలి. మన అనుమానం ఏమిటో ముందే చెప్పకూడదు.

నాలుగు, అసలు లేనివాళ్ళు. చనిపోయినవాడు జవాబు చెప్పడు. జబ్బు చేసి పని చేయలేక వలస పోయినవాడు ఊళ్ళో దొరకడు. ఉన్నవాళ్ళనే లెక్కపెట్టి "మందు కొట్టేవాళ్ళంతా దుక్కల్లా ఉన్నారు" అంటే అది గట్టివాళ్ళ లెక్క, అందరి లెక్క కాదు.

ఇంకో మాట. పది మందిని చూసి "తేడా రుజువు కాలేదు" అని రాసిన కాగితాన్ని "తేడా లేదు" అని చదివి వినిపించేవాళ్ళుంటారు. ఈ రెండు మాటలూ ఒకటి కావు. చిన్న వలలో చేప పడలేదంటే చెరువులో చేప లేదని కాదు.

కూలీకి మస్టరు లేదు

ఈ పద్ధతి అందరికన్నా వ్యవసాయ కూలీలకే ఎక్కువ అవసరమని నేనంటాను. ఫ్యాక్టరీ కార్మికుడికి మస్టరు ఉంటుంది. ఏ విభాగంలో ఎన్నేళ్ళు పనిచేశాడో కాగితం మీద ఉంటుంది. మనవాడు ఇవాళ ఒక ఆసామి పత్తిలో, రేపు ఇంకొకరి మిరపలో మందు కొడతాడు. ఏ మందు, ఎన్ని ట్యాంకులు, మూతికి గుడ్డ కట్టుకున్నాడా లేదా, ఎక్కడా రాసి ఉండదు. డబ్బా మీద అక్షరాలు చదవడమే రాదు చాలామందికి. కూలీకి మిగిలిన రికార్డు అతని జ్ఞాపకం ఒక్కటే. ఆ జ్ఞాపకాన్ని సాక్ష్యంగా మార్చే పద్ధతి ఇది.

ఉద్దానం చూడండి. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే జనానికి కిడ్నీలు చెడిపోతున్నాయి. షుగరు లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీ పోతుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. మంచిదే. కానీ కారణం మీద తగువు తెగలేదు. నీళ్ళంటారు, నీళ్ళలోని సిలికా అంటారు, పురుగుమందంటారు, ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకుండా చేసే పని అంటారు, నొప్పి మాత్రలంటారు. శ్రీలంక వరి రైతుల్లోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కోత కూలీల్లోనూ ఇట్లాంటి జబ్బే ఉంది. మధ్య అమెరికాలో మాత్రం ఎండపని మీద దృష్టి పెట్టి నీడ, నీళ్ళు, విశ్రాంతి ఇవ్వాలన్న కార్యక్రమం మొదలైంది. ఉద్దానంలో ఒకే వీధిలో ఒక అన్నకు కిడ్నీ పోయి తమ్ముడికి ఎందుకు పోలేదు? జవాబు ఆ పోలికల్లోనే వెతకాలి. దానికి పరిశోధకులు ఎంత అవసరమో, నిజం చెప్పే ఊరివాళ్ళూ అంతే అవసరం.

మన నోటుపుస్తకం

సంఘం కార్యకర్తలు డాక్టర్లు కానక్కర్లేదు. రోగాన్ని నిర్ణయించడం డాక్టరు పని. కానీ ఊళ్ళో ఒకే రకం జబ్బు నలుగురైదుగురికి కనబడితే ఒక నోటుపుస్తకం తెరవగలం.

మొదట జబ్బు ఏమిటో గీత గీసుకోవాలి: ఏ లక్షణాలుంటే లెక్కలోకి తీసుకుంటాం, ఏ తేదీ నుంచి. ఒక్కో రోగికి ఇద్దరు జోడీలను వెతకాలి: అదే వాడ, అదే వయసు, అదే పని, ఆ జబ్బు లేనివాళ్ళు. ముగ్గుర్నీ అవే ప్రశ్నలు అడగాలి: ఏ నీళ్ళు తాగుతారు? ఏ గింజ తింటారు, ఎక్కడ కొన్నారు, వానకు తడిసిందా? ఏ మందు కొట్టారు, ఎన్ని రోజులు? ఖాళీ డబ్బా ఉంటే పేరు చూసి రాసుకోవాలి. బీడీ, చుట్ట, కల్లు సంగతి దాచకుండా రాయాలి. ఏ మాత్రలు మింగుతున్నారో రాయాలి. చనిపోయినవాళ్ళ, వలస పోయినవాళ్ళ వివరాలు ఇంటివాళ్ళను అడిగి విడిగా రాయాలి. రాసే ముందు వాళ్ళ అనుమతి అడగాలి, పేర్లు బయటపెట్టకూడదు. గుప్పెడు అనుమానపు గింజలు, సీసాడు నీళ్ళు, తేదీ వేసి భద్రంగా పెట్టాలి.

ఆ పుస్తకంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పొండి, జిల్లా వైద్యాధికారి దగ్గరికి పొండి, అవసరమైతే తార్నాక గేటు దాకా పొండి. "మావాళ్ళకు జబ్బొచ్చింది బాబూ" అని చేతులు కట్టుకుని నిలబడితే ఒక చీటీ రాసిచ్చి పంపిస్తారు. "ఇరవై మంది రోగుల్లో పద్నాలుగు మంది ఈ పని చేశారు, నలభై మంది జోడీల్లో ఆరుగురే చేశారు, ఇది చూడండి" అని పుస్తకం బల్ల మీద పెడితే కుర్చీలోని మనిషి కళ్ళజోడు సర్దుకుని చదవక తప్పదు. అది చివరి రుజువు కాదు. పెద్ద పరిశోధన చేయించమని అడిగే హక్కునిచ్చే రుజువు.

అయితే రుజువు వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. బూజు గింజ తినొద్దని చెప్పడానికి, రేషన్ షాపులో తడిసిన గింజ ఇస్తే తిప్పికొట్టడానికి, గాలికి ఎదురుగా మందు కొట్టవద్దని చెప్పడానికి, ఎండపనిలో నీడా నీళ్ళూ అడగడానికి ఏ అధ్యయనం కోసమూ ఆగే పనిలేదు. జాగ్రత్త ముందు, లెక్క వెంబడే.

కూలి రేటు అడిగేటప్పుడు పక్క ఊళ్ళో ఎంత ఇస్తున్నారో కనుక్కుని పోవడం మనకు తెలిసిన విద్యే. అక్కడ అంత ఇస్తుంటే ఇక్కడ ఇంతేమిటని అడుగుతాం. ఆరోగ్యం విషయంలోనూ అడగాల్సింది ఆ ప్రశ్నే: పక్కింటివాడికి రాని జబ్బు వీడికెందుకొచ్చింది? జవాబు దొరికేదాకా ఆ ప్రశ్నను వదలకండి.